బుల్డోజర్ వచ్చాక నేర్చుకున్న ఇంగ్లిష్

2024 ఆగస్టులో హైదరాబాద్ చెరువుల చుట్టూ ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతలు ఊపందుకోగానే రెండు మాటలు జనం నోళ్లలో నానాయి. ఒకటి ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండా నిండితే నీళ్లు చేరే హద్దు. రెండోది బఫర్ జోన్, అంటే ఆ హద్దు బయట కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా. అప్పటిదాకా రెవెన్యూ, ఇరిగేషన్ ఆఫీసుల బయట పెద్దగా వినపడని ఈ మాటలు ఒక్క నెలలో టీ కొట్టు దాకా వచ్చేశాయి. లోను సగం కూడా తీరనివాళ్లు గూగుల్ మ్యాప్ ముందేసుకుని, తమ అపార్ట్‌మెంట్‌కీ చెరువుకీ మధ్య ఎన్ని మీటర్లున్నాయో టెన్షన్‌గా కొలుచుకున్నారు. నిజానికి పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు వదిలేయాలని 2012 నాటి జీవో 168లోనే ఉంది. జీవో ఇంగ్లిష్‌లో ఉంది. అమ్మినవాడికి అందులో ఏముందో తెలుసు, ప్లాను పాస్ చేసినవాడికీ తెలుసు. తెలియనిది డబ్బు కట్టినవాడికే.

పర్యావరణానికి సంబంధించిన ఇంగ్లిష్ మాటలు మన దగ్గర జనం నేర్చుకునే పద్ధతే ఇది. ముందు దెబ్బ తగులుతుంది, తర్వాత మాట తెలుస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి గ్యాస్ లీకై ఆర్‌ఆర్ వెంకటాపురం వీధుల్లో మనుషులు ఎక్కడివాళ్లక్కడ కుప్పకూలారు. లీకైన ఆ రసాయనం పేరు స్టైరీన్. మన ఇళ్లలో ఆ మాట వినపడింది ఆ రోజే.

కొల్లేరు లంక గ్రామాలకు వెళ్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఇంత ఎత్తు అని గీసే గీత) దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. 2008లో మూడో కాంటూరుకు కుదించాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఇన్నేళ్ల గొడవలో కాంటూరు అనేది అక్కడ తెలుగు మాటైపోయింది. బడి మొహం చూడని మనిషి కూడా మూడో కాంటూరుకీ ఐదో కాంటూరుకీ తేడా చెబుతాడు, తన భూమి ఎటు పడుతుందో కూడా చెబుతాడు. ఇంజినీరింగ్ చదివిన కుర్రాడిని అదే ప్రశ్న అడిగి చూడండి.

అంటే జనానికి ఈ మాటలు అంతుపట్టవన్నది ఉత్త మాట. అవసరం పడితే ఎవరైనా నేర్చుకుంటారు. అవసరం పడకముందే నేర్పాల్సిన చోట మనం ఏం నేర్పుతున్నామన్నదే నా గొడవ.

అమీర్‌పేటలో ఐఈఎల్‌టీఎస్ చెప్పే చోటా, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ చెప్పే చోటా పర్యావరణం పేరుతో ఇచ్చే పదాల జాబితా ఇంచుమించు ఒకటే. గ్లోబల్ వార్మింగ్, కార్బన్ ఫుట్‌ప్రింట్, నెట్ జీరో, సస్టైనబిలిటీ, బయోడైవర్సిటీ. అన్నీ మంచి మాటలే. వీటిలో ఒక్కటి కూడా ఏ ఫ్యాక్టరీ పేరూ, ఏ వాగు పేరూ చెప్పనివ్వదు. ఈ మాటలతో రాసిన వ్యాసం అలాస్కాకైనా సరిపోతుంది, అనకాపల్లికైనా సరిపోతుంది. చివర్లో అందరం మొక్కలు నాటుదామని ముగించి బయటపడొచ్చు. కన్సెంట్ (కాలుష్య నియంత్రణ మండలి అనుమతి), క్లియరెన్స్ (పర్యావరణ అనుమతి), కంప్లయన్స్ (షరతులు పాటించడం), బేస్‌లైన్ (ప్లాంటు రాకముందు గాలి, నీళ్ల పరిస్థితి), ఎఫ్లుయెంట్ (ఫ్యాక్టరీ వదిలే మురుగునీరు) లాంటివి ఆ జాబితాలో దుర్భిణీ వేసి వెతికినా దొరకవు. మనిషి పొలాన్నీ బావినీ తాకే మాటలు మాత్రం ఇవే.

పైగా జాబితా బట్టీ పడితే వచ్చే చదువు కాదిది. బఫర్ అనే ఒక్క మాటే తీసుకోండి. హైదరాబాద్ చెరువు దగ్గర అది 30 మీటర్లో 9 మీటర్లో. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అదే బఫర్ అంటే కోర్ ఏరియా చుట్టూ ఉండే అడవి, ఊళ్లు కలిసిన పెద్ద ప్రాంతం. ఒక పరిశ్రమ కోసం తయారుచేసే పర్యావరణ ప్రభావ నివేదికలో బఫర్ అంటే సాధారణంగా ప్లాంటు చుట్టూ 10 కిలోమీటర్ల పరిధి. డిక్షనరీ అర్థం వచ్చినవాడు ఈ మూడు చోట్లా బోల్తా పడతాడు. ఆ మాట ఏ కాగితంలో ఉందో తెలిసినవాడే నిలదొక్కుకుంటాడు.

ఆ ప్రభావ నివేదిక సంగతి కాస్త చూద్దాం. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం పబ్లిక్ హియరింగ్‌కి, అంటే ఊరి అభిప్రాయం వినే సభకి, కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక కాపీలు కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఉంచాలి. స్థానిక భాషలో ఇవ్వాల్సింది మాత్రం సారాంశమే. వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లిష్‌లో ఉంటే చాలు. ఇప్పుడు సభలో ఏం జరుగుతుందో మనకు తెలుసు. టెంటు, పోలీసులు, వేదిక మీద అధికారులు. రైతు లేచి, మా బోర్లు పాడవుతాయి సార్ అంటాడు. అభ్యంతరం నమోదైంది అంటారు. అక్కడితో అయిపోయింది. అదే రైతు లేచి, బేస్‌లైన్ డేటా ఏ నెలల్లో తీశారు, మా ఊరి బావి నీళ్లు శాంపిల్లో ఉన్నాయా, ఫలానా పేజీలో ప్రభావం ఇన్‌సిగ్నిఫికెంట్, అంటే లెక్కలోకి రానంత చిన్నది అని రాశారు, ఏ లెక్కన రాశారు అని అడిగితే? వర్షాకాలం వదిలేసి ఒక్క సీజన్‌లో తీసిన లెక్కలతోనే చాలా నివేదికలు తయారవుతాయి. వానాకాలంలో వాగు ఎటు పొంగుతుందో ఆ లెక్కలకు తెలియదు, ఊరికి తెలుసు. ఊరికి తెలిసిన సంగతిని కాగితం భాషలో అడగడం ఒక్కటే కొదవ. అలా అడిగిన ప్రశ్నకు కంపెనీ జవాబివ్వాలి. ప్రశ్నా జవాబూ రెండూ మినిట్స్‌లోకి ఎక్కాలి, చివర్లో వాటిని తెలుగులో చదివి వినిపించాలి.

అసలు కాగితాలే తెలుగులో ఇవ్వొచ్చు కదా, జనం మీద ఈ ఇంగ్లిష్ బరువెందుకు అని భాషాభిమానులు అడుగుతారు. న్యాయమైన మాటే. నూటికి నూరుపాళ్లు ఇవ్వాల్సిందే. కానీ క్లియరెన్స్ ఇచ్చాక సవాలు చేయాలంటే పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రైబ్యునల్ చెన్నై బెంచ్‌కే పోవాలి, అదీ 30 రోజుల్లో. ఆలస్యానికి కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. అక్కడ నడిచేది ఇంగ్లిష్. తెలుగు కాగితం వచ్చేదాకా ఆగుదామంటే గడువు ఆగదు.

ప్రభుత్వాలు తెలుగులో ఇస్తాయన్న భరోసా కూడా లేదు. 2020లో కేంద్రం కొత్త ఈఐఏ ముసాయిదాను హిందీ, ఇంగ్లిష్‌లలోనే పెట్టి దేశం మొత్తాన్ని అభిప్రాయం చెప్పమంది. ఆ జూన్ 30న ఢిల్లీ హైకోర్టు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లోకీ పది రోజుల్లో అనువదించమని చెప్పింది. కేంద్రం ఏం చేసింది? దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. జనం అర్థం చేసుకోకుండా ఉండటానికి లాయర్లను పెట్టుకోవడానికి డబ్బులుంటాయి, అనువాదకుడిని పెట్టుకోవడానికి ఉండవు.

ఇక్కడే మన రెండు రాష్ట్రాల మీడియం గొడవ గుర్తొస్తుంది. 2019 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లిష్ మీడియం అంటూ జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. టీవీల్లో నెలల తరబడి కొట్టుకున్నారు. ఇంగ్లిష్ కావాలా తెలుగు కావాలా అని అరిచిన ఇరుపక్షాల్లో ఒక్కరైనా, ఏ పనికి ఇంగ్లిష్ అని అడిగారా? అమెరికా వెళ్లడానికా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికా, లేక మన ఊరి పక్కన వచ్చే రసాయనాల ప్లాంటు కాగితం చదవడానికా? మొదటి రెండింటికీ గల్లీకో కోచింగ్ సెంటర్ ఉంది. మూడోదానికి బడి తప్ప దిక్కులేదు.

ఆ గొడవలో పుట్టిన మంచి ఒకటుంది. రెండు రాష్ట్రాల్లోనూ సర్కారు బడి పిల్లలకు ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ అచ్చేసిన పుస్తకాలు వచ్చాయి. పిల్లాడు తెలుగులో అర్థం చేసుకుని పక్క పేజీలో ఇంగ్లిష్ మాట పట్టుకుంటాడు. బడిపిల్లాడికి లక్షల కాపీలు అలా అచ్చేయగలిగిన ప్రభుత్వం, వాళ్ల నాన్న పొలం పక్కన వచ్చే పరిశ్రమ నివేదికను కంపెనీ ఖర్చుతో పది కాపీలు అలా వేయించలేదా? కోట్లు పెట్టి కన్సల్టెంట్లను పెట్టుకునే కంపెనీకి అదొక ఖర్చా? ఈ ఒక్క నిబంధన పెడితే పబ్లిక్ హియరింగ్‌ల స్వరూపమే మారిపోతుందని నా నమ్మకం. బహుశా అందుకే పెట్టరు.

డిగ్రీలో పర్యావరణం పేపర్ అందరికీ ఉంది. పర్యావరణాన్ని చదువులో భాగం చేయాలని 1991లో సుప్రీంకోర్టు ఎంసీ మెహతా కేసులో చెప్పిన దాని ఫలితమది. యూజీసీ సిలబస్‌లో ఫీల్డ్ వర్క్ కూడా ఉంది, దగ్గర్లో కాలుష్యం ఉన్న చోటికి వెళ్లి చూసి రాయమని. మన కాలేజీల్లో అది సీనియర్ రికార్డు చూసి కాపీ కొట్టే వ్యవహారం.

కొత్తగా చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. క్లియరెన్స్ తీసుకున్న ప్రతి కంపెనీ, షరతులు ఎంతవరకు పాటించిందో ఏడాదికి రెండుసార్లు, జూన్ 1న, డిసెంబర్ 1న కంప్లయన్స్ రిపోర్ట్ ఇవ్వాలి. అది రహస్యం కాదు, అడిగినవాళ్లకి ఇవ్వాల్సిన పబ్లిక్ డాక్యుమెంట్. ఇంటర్ ఇంగ్లిష్ క్లాసులో ఆ రిపోర్టు ముందు పెట్టండి. 33 శాతం గ్రీన్‌బెల్ట్ (ప్లాంటు జాగాలో చెట్లు పెంచాల్సిన భాగం) అని షరతు ఉంటే పక్కన కంప్లైడ్, అంటే పాటించాం అని రాసి ఉంటుంది. పిల్లల్ని సైకిళ్ల మీద గేటు దాకా పంపి, చెట్లు కనిపిస్తున్నాయో లేదో చూసి ఇంగ్లిష్‌లో అయిదు వాక్యాలు రాయమనండి. జూన్ రిపోర్టుకీ కాలేజీలు తెరవడానికీ టైము ఎలాగూ కలిసొస్తుంది, మొదటి పాఠానికి కొత్త పుస్తకం అచ్చేయాల్సిన పనీ లేదు.