చిలక రెక్కలు కోస్తే ఎంతవరకు?

పిల్ల చిలకను ఇంటికి తెచ్చిన వారంలోనే, ఎగిరిపోకుండా రెక్కల ఈకలు కత్తిరించెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు మనలో తక్కువేం కాదు. మేం ఒప్పుకోం. ముందు అది ఎగరడం, మలుపు తిరగడం, దిగడం నేర్చుకోవాలి. దిగడం రాని పిల్లకు ఈకలు కత్తిరిస్తే దబ్బున పడుతుంది, రొమ్ముటెముక మీది చర్మం చిట్లుతుంది. ఆఫ్రికన్ గ్రే లాంటి బరువైన జాతులకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

పొయ్యి మీద సాంబారు మరుగుతూ, పండగపూట వచ్చేపోయేవాళ్లతో పెరటి తలుపు మూతపడని ఇంట్లో మాత్రం కొద్దిపాటి కత్తిరింపు సబబే.

దీనికి ఇద్దరుండాలి. ఒకరు పల్చని తువ్వాలు వెనక నుంచి కప్పి, తలను రెండు దవడల పక్కనా వేళ్లతో ఆపాలి. రొమ్మును నొక్కొద్దు. పక్షికి మనలా డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కిందుండే కండరపు పొర) ఉండదు, రొమ్ముటెముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. నోరు తెరిచి రొప్పుతుంటే వెంటనే వదిలెయ్యండి, మిగతాది రేపు చూడొచ్చు.

రెండోవారు రెక్కను ఈకల చివర్లు పట్టి లాగకుండా, ఎముక ఉన్నచోట పట్టి విప్పి, వెలుతురులో అడుగువైపు నుంచి చూడాలి. కాడ నల్లగా, నీలంగా ఉంటే అందులో ఇంకా రక్తం పారుతోందన్నమాట. దాన్నీ, దానికి అటూఇటూ ఉన్న ఈకలనూ ముట్టుకోవద్దు. పక్క ఈకల ఆసరా లేకపోతే లేత కాడ ఇట్టే విరుగుతుంది. పొరపాటున తెగితే కార్న్‌స్టార్చ్ అద్ది నొక్కిపట్టండి. రక్తం ఆగకపోతే పక్షుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

రెక్క కొసన ఉండే పది పెద్ద ఈకల్లో, బయటి చివర నుంచి మూడు నాలుగు ఈకలు కోస్తే చాలు. పైన కప్పి ఉన్న చిన్న ఈకల అంచు దాటాక, ఒక్కొక్కటిగా, రెండు రెక్కలకూ సమానంగా కొయ్యాలి. ఒక్క రెక్కే కొయ్యడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి: చిలక గింగిరాలు తిరుగుతూ గోడకు కొట్టుకుంటుంది.

తర్వాత కార్పెట్ మీద, తక్కువ ఎత్తు నుంచి వదిలి చూడండి. ఏటవాలుగా జారుతూ దిగితే సరిపోయినట్టే. పైకి లేస్తుంటే రెండు వైపులా మరొక్క ఈక కొయ్యండి. కాకటీల్ అనే చిన్న జాతి తేలిక పిట్ట కనుక దానికి ఆరేడు దాకా పట్టొచ్చు. ఎక్కువ కోసేస్తే మాత్రం కొత్త ఈకలొచ్చేదాకా నెలల తరబడి ఆగాల్సిందే.

కొత్తవి ఒకేసారి రావు. నెలకోసారి రెక్క విప్పి చూడండి. కోసిన చిలకనైనా పెరట్లోకి పంజరంలోనే తీసుకెళ్లండి, కాస్త గాలి తోడైతే చెట్టెక్కేస్తుంది.