పెరి పెరి పొడి గారికి ఒక గుంటూరు గుమాస్తా ఉత్తరం

మహారాజశ్రీ పెరి పెరి పొడి గారికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక రిటైరైన మిర్చి యార్డు గుమాస్తా నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఆ వెండి రంగు పొట్లంలో గాలి సోకకుండా, గడ్డ కట్టకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం లక్ష్మీపురంలో, ఫ్రైస్ మీద తమర్ని చల్లి అమ్మే ఏసీ హోటల్లో, మనకి పరిచయం జరిగింది. తమకి గుర్తుండదు లెండి. రోజుకి ఎన్ని కాగితం సంచుల్లో ఎంతమంది చేత ఊపించుకుంటారో! నాకు మాత్రం బుర్రలోంచి పోవడం లేదు. నాలుగు రోజులుగా కాఫీ దగ్గర, భోజనం దగ్గర, చివరికి దీపం ఆర్పాక కూడా ఇదే ఎత్తుకుంటుంటే మా ఆవిడ "ఆ ఏడుపేదో వెళ్ళి ఆ పొడి దగ్గరే ఏడవండి" అంది. అందుకే ఈ ఉత్తరం.

వేసవి సెలవులకి మనవరాలు వచ్చింది. బెంగళూరులో మూడో తరగతి. ఎండ దెబ్బకి యార్డుకే సెలవులిచ్చే రోజులు. సాయంత్రం దాకా ఆగమంటే ఆగలేదు, ఫ్రైస్ కావాలంది. వెళ్ళాం. ఏసీ బాగుంది, అబద్ధం చెప్పను. బంగాళాదుంప ముక్కలు 149 రూపాయలు. తమరికి విడిగా 40. మా టోకెన్ నంబరు బోర్డు మీద వెలిగేసరికి ముప్పావు గంట. ఈలోగా పిల్ల నా ఫోన్లో ఛార్జింగ్ మొత్తం తాగేసింది. వీటి మీద నాకేం కోపం లేదు, ఊరికే చెబుతున్నాను.

కౌంటర్ దగ్గర కుర్రాడు నా తెల్లజుట్టు చూసి, గొంతు తగ్గించి, డాక్టరు రిపోర్టు చెప్పేటప్పుడు చూస్తాడే అలా చూసి, "అంకుల్, పెరి పెరి కొంచెం స్పైసీగా ఉంటుంది, పర్లేదా?" అన్నాడు.

నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. నన్నే.

అయ్యా, అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకుంటే చుట్టుగుంట దగ్గర మిర్చి యార్డు. ముప్పై ఒక్క సంవత్సరాలు అందులో ఓ కమీషన్ కొట్లో పద్దులు రాశాను. సీజన్లో ఒక్కరోజే లక్ష టిక్కీలు దాటి దిగడం చూశాను. టిక్కీ అంటే తమకి తెలియదేమో, నలభై కిలోల పైచిలుకు మిరపకాయలు కుక్కిన గోతం. గేటు దాటగానే కొత్తవాడు తుమ్ముతాడు, పాతవాడు టీ చెబుతాడు. తొడిమ విరిచి, కాయని వేళ్ళ మధ్య నలిపి, ఇది తేజ రకం, ఇది 341, ఇది 334, ఇది కోల్డ్ స్టోరేజీలో పడుకుని లేచిన నిరుటి సరుకు అని కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. సాయంత్రం ఆ చేతులతో ఇంటికొచ్చి చంటిపిల్లాణ్ణి ఎత్తుకోబోతే మా అమ్మ దూరం నుంచే కసిరేది. అలాంటి నన్ను పట్టుకుని పర్లేదా అంటాడా!

"పర్లేదు నాయనా" అన్నాను. పెద్దరికం ఒకటి ఏడిసింది కదా.

ముక్కలు సంచిలో వేశాడు, తమర్ని పైన చల్లాడు, మూతి మడిచి ఊపుకోమని పిల్ల చేతికిచ్చాడు. డబ్బులూ మనవే, చాకిరీ కూడా మనదే. పిల్ల ఊపింది. నేను ఒక ముక్క నోట్లో వేసుకున్నాను.

తీపి.

మొదటి ముక్కకి పొడి సరిగ్గా అంటలేదేమోనని రెండోది వేసుకున్నాను. తీపి, ఉప్పు, ఏదో నిమ్మ ఉప్పు లాంటి పులుపు. ఆ వెనకాల ఎక్కడో, పక్క వీధిలో పెళ్ళి బ్యాండు వినబడ్డట్టు, కారం.

ఇక్కడిదాకా నేను తమర్ని పల్లెత్తు మాట అనలేదు, గమనించగలరు. చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీశాను. మా ఆవిడ రోట్లో దంచిన వెల్లుల్లి కారం. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు, గోలీకాయంత చింతపండు. ఊరు దాటినా వీధి దాటినా అది నా జేబులో ఉండాల్సిందే, కొందరికి బీపీ మాత్రలాగా. (నాకు అవీ ఉన్నాయి. రెండూ ఒకే జేబులో.) ముక్కల మీద చిటికెడు చల్లబోయాను. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో ఒకాయన, మెళ్ళో ట్యాగు, చేతిలో వాకీటాకీ.

"సర్, ఔట్‌సైడ్ ఫుడ్ నాట్ అలౌడ్."

నేను బిర్యానీ పొట్లం విప్పానా? పులిహోర డబ్బా తీశానా? "ఇది ఫుడ్ కాదు బాబూ, కారం" అన్నాను. "రూల్ సర్" అన్నాడు. "గుంటూర్లో కారం ఔట్‌సైడ్ ఫుడ్డా?" అన్నాను. "కంపెనీ రూల్ సర్, అన్ని ఊళ్ళలో ఒకటే" అన్నాడు. అని ఊరుకుంటే పోయేది. "స్పైసీ కావాలంటే ఇంకో పెరి పెరి తీసుకోండి సర్, ఫార్టీ రుపీస్" అన్నాడు.

పక్క బల్లలవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. మనవరాలు "తాతయ్యా, ప్లీజ్" అంది. పిల్లలకి మనల్ని చూసి సిగ్గేసినప్పుడు అనే ప్లీజ్ ఒకటుంటుంది, అది. పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాను. సొంత ఊళ్ళో, అరవై ఆరేళ్ళ వయసులో, కారం దొంగలాగా.

బయటికొస్తే ఎదురుగా మామిడికాయ ముక్కల బండి. వాడు కాయ కోశాడు, ఉప్పూకారం అద్దాడు, కాగితంలో పెట్టి చేతికిచ్చాడు. కారానికి విడిగా డబ్బడగలేదు. పర్లేదా అని అసలే అడగలేదు.

తమరు దేశాలు తిరిగినవారు కాబట్టి నేనూ కాస్త తిరిగానని మనవి చేసుకుంటాను. 2018లో మా అబ్బాయి దగ్గరికి మాంచెస్టర్ వెళ్ళి మూడు నెలలున్నాం. చలికాలం. నాలుగింటికే చీకటి, పొద్దస్తమానం ముసురు. వీధి చివర చిప్స్ కొట్టు ఉండేది. చిప్స్ అంటే వేలు లావున ముక్కలు, లోపల మెత్తగా పిండిపిండిగా ఉంటాయి. వాళ్ళు వాటి మీద గ్రేవీ పోసుకుంటారు, మనం అన్నం మీద పప్పుచారు పోసుకున్నట్టే, ఏ మొహమాటమూ లేకుండా. కొందరు పక్కన బఠాణీల ముద్ద పెట్టించుకుంటారు. కొందరికి కర్రీ సాస్ కావాలి. పేరుకే కర్రీ, పసుప్పచ్చగా తియ్యగా ఉంటుంది, అది ఏ ఊరి కూరో ఆ కూరకే తెలియదు.

మొదటి రోజే నేను పొట్లం తీశాను. కొట్టు నడిపే ఆవిడ వచ్చినవాళ్ళందర్నీ "లవ్" అని పిలుస్తుంది. నన్నూ అలాగే పిలిచింది, మా ఆవిడ పక్కనే ఉంది, ఆ సంగతి ఇంకో ఉత్తరంలో. అదేంటని అడిగింది. మా ఆవిడే చెప్పింది, సగం ఇంగ్లీషు, సగం చేతులతో. కొట్టావిడ వేలితో అద్ది నాకింది. కేకలు పెట్టలేదు, నీళ్ళు అడగలేదు. కాసేపు ఆలోచించి, దీనికి వెనిగర్ పడాలి అని సీసా నా ముందుకి జరిపింది.

పోసుకున్నాను. వేడి వేడి బంగాళాదుంప, వెల్లుల్లి కారం, పైన ఆ గోధుమరంగు మాల్ట్ వెనిగర్. ఆవకాయ జాడీ అడుగున మిగిలిన ఊట తీసి వేడన్నంలో కలుపుకున్నట్టుంది. నా కళ్ళు చెమర్చాయి. కారం వల్లేనని మా ఆవిడకి చెప్పాను. ఆ తర్వాత ప్రతి శుక్రవారం మేం లోపలికి అడుగు పెట్టగానే ఆవిడ వెనిగర్ సీసా తీసి బల్ల మీద పెట్టేది. ఔట్‌సైడ్ అన్న మాట ఆ నోట రాలేదు. ఆ కొట్లో అసలు ఔట్‌సైడ్ మేమే కదా!

స్కాట్లండ్‌లో ఎడింబరో చూడ్డానికి వెళ్తే అక్కడ ఇంకో మతం. నల్లటి సాసులో వెనిగర్ కలిపి పల్చగా చేసి చిమ్ముతారు. గంట రైలు దూరంలో ఉన్న గ్లాస్గో వాళ్ళకి ఆ సాసు గిట్టదు, ఉప్పూ వెనిగరే కావాలి. దీని మీద వాళ్ళు పోట్లాడుకుంటుంటే విజయవాడ వాళ్ళూ మేమూ అనుకునే మాటలు విన్నట్టు ప్రాణానికి హాయిగా ఉంది. తిరుగు ప్రయాణానికి ముందు ఆమ్‌స్టర్‌డామ్ తీసుకెళ్ళాడు అబ్బాయి. అక్కడ యుద్ధం చిప్స్ అని ఒకటుంది, వాళ్ళ భాషలో పేరుకి అర్థం అదే. మయోనీజ్, వేరుశనగ సాసు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు. ఆ వేరుశనగ సాసు డచ్చివాళ్ళు ఇండోనేషియాని ఏలిన కాలంలో నేర్చుకున్న రుచి. మన ఇడ్లీ బండి పల్లీ పచ్చడికి దూరపు చుట్టం. (మయోనీజ్‌కి కూడా నేనొక ఉత్తరం బాకీ ఉన్నాను. ఈ ఊరి పునుగుల పక్కన అల్లం పచ్చడి జాగాలో దాన్ని చూశాను. చూసి బతికే ఉన్నాను.)

కెనడాలోని క్యూబెక్‌లో మా అన్నయ్య కూతురుంది. అక్కడ పూటిన్ అంటారట, చిప్స్ మీద తాజా చీజ్ తునకలు, ఆ పైన వేడి గ్రేవీ. చీజ్ పళ్ళ కింద కీచుమనాలట, అనకపోతే పాత సరుకు. ఇది నాకు వెంటనే అర్థమైంది. ఎండుకాయని చెవి దగ్గర పెట్టి ఊపి గింజ గలగల వినేవాళ్ళం మేం. నైరోబీలో కొన్నాళ్ళు పనిచేసి వచ్చిన మా బావమరిది మసాలా చిప్స్ అంటే ఇప్పటికీ లొట్టలేస్తాడు. చిప్స్‌ని టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీరతో మళ్ళీ మూకుట్లో తిప్పుతారట. ఎవరికి ఇంట్లో ఏది ఉంటే అది దుంప మీద వేసుకున్నారు. ఇంట్లో ఉన్నది వేసుకుంటానంటే గేటు దగ్గర ఆపింది మా ఊళ్ళోనే.

తమరి ఊరూ ఆఫ్రికాలో ఆ చుట్టుపక్కలే అని బావమరిది అన్నాక, తమరి పుట్టుపూర్వోత్తరాలు విచారించాను. తెలిసిన దగ్గర్నుంచి నాకు ఇంకా మండుతోంది.

మిరప మనదీ కాదు, ఆఫ్రికాదీ కాదు. అమెరికా ఖండాలది. 1498లో వాస్కో డ గామా కోళికోడ్‌లో దిగాక, ఆ దారిన వచ్చిన పోర్చుగీసు ఓడల్లో ఈ గింజ ప్రయాణం చేసింది. ఒక శాఖ మొజాంబిక్ తీరాన స్థిరపడింది, ఒక శాఖ గోవాలో దిగింది. అంతకు ముందు మన కూరల్లో కారమంటే మిరియాలూ పిప్పళ్ళే. మరి తమరి పేరు? స్వాహిలీలో పిలిపిలి. అది అరబ్బీ ఫిల్‌ఫిల్ మీదుగా, పారశీకం మీదుగా వెనక్కి నడిస్తే తేలేది సంస్కృతం పిప్పలి దగ్గర. మా నాయనమ్మ దగ్గుకి తేనెలో రంగరించి నాలుక మీద రాసే పిప్పలి!

అంటే నువ్వు మా పెద్దనాన్న కొడుకువిరా. బంధుత్వం కలిసింది కాబట్టి ఇక మీరూ గారూ లేవు. ఏమైనా అనుకో.

నీ పొట్లం వెనక చీమ తలకాయంత అక్షరాలు పిల్ల చేత చదివించాను. బరువు ఎక్కువున్నది ముందు రాయాలని రూలుంది, ఈ ఒక్క రూలూ నాకు నచ్చింది. ఉప్పు. చక్కెర. మాల్టోడెక్స్‌ట్రిన్. టమాటా పొడి. వెల్లుల్లి పొడి. ఆరోది మిరప! ఆఫ్రికా ఎండలో పిట్టమిరపవై పుట్టావు. కొరికితే నడినెత్తి దాకా ఎక్కే జాతి. అక్కడ నీవాళ్ళు నిన్ను నిమ్మరసం, వెల్లుల్లి, నూనెతో నూరి కోడికి పట్టించి నిప్పుల మీద కాలుస్తారు. ఏం ఖర్మ పట్టి ఈ చక్కెరలో దూరావు? ఇన్ని సముద్రాలు దాటి గుంటూరొచ్చేటప్పుడైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని రావద్దా? పైగా పొట్లం మీద మూడు మిరపకాయల బొమ్మలు. మూడు! ఆ సంచి మొత్తంలో మూడు గింజల పెట్టు లేదు. అమెరికా నుంచి వచ్చి మన బావి దగ్గర నిలబడి మినరల్ వాటర్ అడిగే మేనల్లుడిలాగా ఉన్నావు. నువ్వు ఏసీలో, నేను గుమ్మం బయట!

కోపంలో ఇంకో మాట కూడా రాసుకున్నాను గానీ ఆగాను. ఎందుకంటే లెక్క చూస్తే ఆ ట్యాగు ఆయన అన్నది తప్పు కాదు. బంగాళాదుంప పేరులోనే బెంగాల్ ఉంది, బెంగాల్‌కీ అది దక్షిణ అమెరికా కొండల్లోంచి ఓడెక్కి వచ్చిందే. మిరప సంగతి చెప్పనే చెప్పాను. నా పొట్లంలో చింతపండు ఉంది చూశావూ, దాని పుట్టిల్లు ఆఫ్రికా. నీ ఊరిదే. ఈ లెక్కన అంతా ఔట్‌సైడ్ ఫుడ్డే. ఈ మాట ఆయనకి మాత్రం చెప్పను.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. పిల్ల ఆ రోజు వాడని పొట్లం ఒకటి ఇంటికి తెచ్చింది. నిన్న మా ఆవిడ బంగాళాదుంప వేపుడు చేసింది, దించేముందు వెల్లుల్లి కారం వేసి. మా ఇంట్లో నలభై ఏళ్ళుగా చేసే కూర అది, దానికి ఎవరూ ఇంగ్లీషు పేరు పెట్టలేదు, అందుకే 149 పలకలేదు. పిల్ల తన కంచంలో దాని మీద నిన్ను చల్లుకుంది. పైన నిమ్మకాయ పిండింది. "తాతయ్యా, టేస్ట్ చెయ్యి" అని నోటికందించింది. తిన్నాను.

బాగానే ఉంది. వెనక నిలబడటానికి పెద్దవాడు ఒకడుంటే నీ తీపి అంత వెగటు కాదు. రెండోసారి పెట్టించుకున్నాను. మా ఆవిడ చూసి నవ్వింది గానీ ఏమీ అనలేదు, అదింకా ఘోరం. పొట్లంలో ఇంకా సగం ఉన్నావు. రబ్బరు బ్యాండు వేసి పోపుల డబ్బా పక్కన, ఇంగువ డబ్బాకి ఆనించి పెట్టింది నిన్ను.

ఇట్లు,
వరసకి నీ తమ్ముడు

తా.క.: ఆదివారం మళ్ళీ అక్కడికే వెళ్దామంటోంది పిల్ల. ఈసారి కారం కళ్ళజోడు పెట్టెలో పెట్టుకొస్తున్నాను. ఆ ట్యాగు ఆయనతో అనకు.