ఎడమకాలికి ట్యూషన్

మా పదేళ్లవాడి ట్రావెల్ సాకర్ క్లబ్బు (పొరుగూళ్లకు వెళ్లి ఫుట్‌బాల్ మ్యాచ్‌లాడే పిల్లల జట్టు) కోచ్ సీజన్ చివర పంపిన మదింపులో తొమ్మిది వాక్యాలుంటే, అందులో ఎనిమిది మెచ్చుకోళ్లు కనుక వాటితో మాకు పనిలేకపోయింది. ‘ఎడమకాలు బలహీనం’ అన్న తొమ్మిదో వాక్యాన్ని మాత్రం భార్యాభర్తలం రాత్రి పదకొండు దాకా పదేపదే చదివాం. ఎంసెట్ ముందు కెమిస్ట్రీ బలహీనమని తేలితే ఏం చేయాలో తెలిసినవాళ్లం, ఎడమకాలి దగ్గర తడబడతామా? ట్యూషన్ పెట్టించాలని నిశ్చయించాం.

మేముండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. అమెరికా జాతీయ సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌ను 2018లో తెరిచింది ఈ ఊళ్లోనే కనుక, ఇక్కడ కాలికి గురువు దొరకడం కష్టం కాదు, గురువుల్లో ఒకరిని ఎంచుకోవడమే కష్టం. క్లబ్బుకు ఏటా వేల డాలర్లు కడుతూ మళ్లీ ఇదెందుకని అమాయకులు అడగవచ్చు. క్లబ్బులో నేర్పేది జట్టుగా ఎలా ఆడాలన్నది. బంతిని ఎలా తన్నాలన్నది అదనపు సబ్జెక్టు, దాని ఫీజు వేరు.

మొదట చూసిన శిక్షణాలయం ఒక పాత గోదాములో ఉంది. నేల మీద పచ్చటి కృత్రిమ గడ్డి, దాని మీద ఆరు రంగుల కోన్లు, నిచ్చెనలా పరిచిన తాళ్లు, పరిగెత్తే పిల్లల నడుముకు కట్టడానికి చిన్న పారాచూట్లు. ఆ సరంజామా చూడగానే నాకు సగం నమ్మకం కుదిరింది. గోడవారగా మడతకుర్చీల్లో తండ్రులు ల్యాప్‌టాప్‌లు తెరిచి, ఆఫీసు మీటింగు మ్యూట్‌లో పెట్టి, కొడుకుల మడమలను పరిశీలిస్తున్నారు. పన్నెండు మంది పిల్లల వరుసలో మావాడు పదకొండోవాడు. పని లేక లెక్కపెట్టాను: గంటలో వాడి ఎడమకాలికి బంతి తగిలింది ముప్ఫై నాలుగు సార్లు. మిగతా సమయమంతా ముందున్న పిల్లవాడి వీపు చూస్తూ నిలబడ్డాడు, తాళ్ల గళ్లలో గెంతాడు. మ్యాచ్‌లో ఎవరూ నిచ్చెన పరవరు కదా అని ఒక క్షణం అనిపించింది గానీ, అంత ఫీజు తీసుకునేవారికి ఆ మాత్రం తెలియదా అని సర్దుకున్నాను.

తరువాత ఫుట్‌సాల్ చూశాం. 1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో హువాన్ కార్లోస్ సెరియాని అనే ఉపాధ్యాయుడు రూపొందించిన ఆట అది. జట్టుకు ఐదుగురే, బంతి చిన్నది, పెద్దగా ఎగరదు, కాబట్టి ఎవరూ ఎక్కువసేపు ఖాళీగా నిలబడే వీలుండదు. అక్కడ మావాడి కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టలేక మధ్యలోనే మానేశాను. చెమటోడ్చి, నవ్వుతూ బయటికి వచ్చాడు. అదే మాకు అనుమానం కలిగించింది. కోచ్ ఒక్కసారి కూడా అరవలేదు, కోన్లు లేవు, పైగా పిల్లవాడికి నచ్చింది. నచ్చినదాన్ని చదువని ఎలా అనగలం?

వారానికి కనీసం ఒక రోజైనా ఆటల శిక్షణకు సెలవివ్వాలని ఇక్కడి పిల్లల వైద్యులు చెబుతారు. సోమ, బుధ క్లబ్బు ప్రాక్టీసు, మంగళ, గురు ఎడమకాలు, శని, ఆదివారాలు మ్యాచ్‌లు పోగా శుక్రవారం మిగిలింది. ఆ రోజు పరుగు వేగం పెంచే క్లాసులో చేర్పించాం. అందులో బంతి ఉండదు కనుక దాన్ని విశ్రాంతి కింద లెక్కవేశాం.

ఈ ప్రణాళికను సికింద్రాబాదులో ఉన్న మా నాన్నగారికి ఫోనులో వివరించాను. ఆయన రహీం సాబ్ సంగతి ఎత్తుకున్నారు. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు కుర్రాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో పోటీలు పెట్టేవారట. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

“సరే నాన్నా, ఆ పోటీలకు ఫీజెంత?” అని అడిగాను.

“ఫీజేమిట్రా? మీ ఇంటికి గోడ లేదా?” అన్నారు.

ఇక్కడి ఇళ్లకు కిటికీ లేని వెడల్పాటి గోడ అంటే గరాజ్ తలుపే. మావాడు పది రోజులు, రోజుకు పావుగంట, ఎడమకాలితోనే దానికి బంతి కొట్టాడు. పదకొండో రోజున కాలనీ నివాసుల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది: తలుపు మీద గుండ్రటి మరకలు కాలనీ అందానికి భంగకరమనీ, రెండు వారాల్లో రంగు వేయించకపోతే జరిమానా తప్పదనీ. దానికి ఫొటో కూడా జతచేశారు. మరకలన్నీ ఒక పళ్లెమంత మేరలో, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఆ గురి చూసి మా ఆవిడ ఫొటోను దాచిపెట్టింది. నేను రంగు డబ్బా కొని తెచ్చి, మంగళవారం గోదాముకు ఫీజు కట్టాను. అక్కడి గోడలకు వలలున్నాయి.