‘ఉచితం’ అంటూనే కోత

‘మీరు మాకు రూపాయి ఇవ్వక్కర్లేదు సార్, సంతకం పెడితే చాలు.’ శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా బ్యాంకు కౌంటర్లో వినిపించే మాట ఇదే. డిపాజిట్ గడువు తీరిన రిటైర్డ్ టీచరుకూ, పదవీ విరమణ సొమ్ము చేతికందిన మాజీ సైనికుడికీ ఇలా చెప్పే మ్యూచువల్ ఫండ్లు అంటగడుతున్నారు. ఆ మాట అబద్ధం.

ఫండ్ ఖర్చుకు బిల్లు రాదు. ఏడాదికి ఇంత శాతమని పెట్టుకున్న ఖర్చును రోజులకు పంచి, యూనిట్ (ఫండ్‌లో మన వాటా) విలువ ప్రకటించకముందే తీసేసుకుంటారు. రోజూ మనం చూసే ఎన్‌ఏవీ, అంటే ఆ యూనిట్ విలువ, ఆ కోత పోగా మిగిలినదే. ఏజెంటో బ్యాంకో అమ్మే రెగ్యులర్ ప్లాన్‌లో అయితే అమ్మినవారి కమీషనూ అందులోనే, డబ్బు ఉన్నంతకాలం ఏటా. కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ 2013 జనవరి నుంచే ఉంది. అదే ఫండ్, అదే మేనేజరు, అవే షేర్లు. కౌంటర్లో దాని పేరెత్తేవారు లేరు.

రెండు ప్లాన్ల ఖర్చుకూ తేడా ఏటా ఒక్క శాతమే కదా అంటారు. నెలకు 5,000 చొప్పున 20 ఏళ్లు కడితే మన జేబులోంచి పోయేది 12 లక్షలు. ఏటా 12 శాతం పెరిగితే అది 50 లక్షలకు దగ్గరవుతుంది. ఆ ఒక్క శాతం పోయి 11 శాతమైతే 43 లక్షల 70 వేల దగ్గరే ఆగుతుంది. తేడా ఆరు లక్షల పైమాటే, అంటే మనం కట్టినదాంట్లో సగం! పన్నెండు శాతం వస్తుందని ఎవరూ పూచీ పడరు. కోత మాత్రం మార్కెట్ పడిపోయిన ఏడాది కూడా ఆగదు.

ఏజెంట్లు లేకపోతే పలాసలోనో, బొబ్బిలిలోనో ఫారం నింపేదెవరు, ధైర్యం చెప్పేదెవరు అనేవారున్నారు. నిజమే, ఆ శ్రమకు ప్రతిఫలం ఉండాలి. అదెంతో ముందే చెప్పి తీసుకోవాలి. 2009 ఆగస్టు దాకా ఎంట్రీ లోడ్ అనే ప్రవేశ రుసుము ఉండేది. వందకు రెండున్నర రూపాయల లోపు ముందే పోయేది. అన్యాయమే, కానీ కంటికి కనిపించేది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దాన్ని రద్దు చేసింది, 2018లో ముందస్తు కమీషన్లనూ ఆపింది. కోత చాటుకు వెళ్లింది.

ఇంకో సంగతి. ఫండ్ల పెట్టుబడుల్లో మొదటి 30 నగరాల్లో లేని మనలాంటి ఊళ్ల నుంచి డబ్బు తెస్తే, పథకాలు 0.30 శాతం దాకా అదనపు ఖర్చు వేసుకోవచ్చన్నారు. దుర్వినియోగం జరుగుతోందని 2023లో సెబీయే దాన్ని నిలిపేసింది. మన వెనకబాటు పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ము అది.

ఎంతైతే సబబు? సెన్సెక్స్, నిఫ్టీ లాంటి మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్ల డైరెక్ట్ ప్లాన్లు ఏటా వందకు పావలా అటూ ఇటూగా నడుస్తున్నాయి. అంతకు మించి అడిగేవారు సూచీ కంటే ఎక్కువ సంపాదించి చూపించాలి. అది చేతకానివారికి వందకు రెండు రూపాయలివ్వడం దండగ.

ఏజెంటుకు ముట్టిన కమీషన్ ఆరు నెలల స్టేట్‌మెంట్‌లో రూపాయల్లో ఉంటుందని సమర్థించుకుంటారు. ఉంటుంది, సంతకం పెట్టిన నెలలకు, ఇంగ్లిషులో. రైతుబజారులో వంకాయల తూకం రెండుసార్లు సరిచూసుకునే మనిషికి తన జీవితకాలపు పొదుపులో ఎంత పోతోందో తెలియదు. సంతకానికి ముందే, తెలుగులో, రూపాయల్లో ఆ లెక్క రాసివ్వాలి. పక్కనే డైరెక్ట్ ప్లాన్ ఖర్చూ రాయాలి.

బ్యాంకు శాఖల పెద్దలకు ఒక మాట. మీ ఎదుట కూర్చున్న పెద్దాయన ముప్ఫై ఏళ్ల పాస్‌బుక్‌ను చూసి మిమ్మల్ని నమ్మాడు, ఫండ్‌ను చూసి కాదు. నెల టార్గెట్ కోసం ఆయన ముఖం మీదే ‘ఉచితం’ అనడానికి మీకు నోరెలా వస్తోంది?