బానెట్ ఎత్తినవాడే ఇంజినీరు

కారు నడిరోడ్డు మీద ఆగిపోతే ముందుగా చేయాల్సిన పని బానెట్ ఎత్తడం. ఎందుకని అడగకూడదు. ఎత్తాలి, నడుం మీద చేతులు పెట్టుకోవాలి, లోపలికి చూస్తూ "ఊఁ" అనాలి. చూసేవాళ్లలో సగం మంది గౌరవం ఆ "ఊఁ"తోనే దక్కుతుంది. బ్యాటరీ వైరును ఓసారి కదిపితే మిగతా సగం కూడా మనవైపే.

ఇంతలో నలుగురు చేరతారు. ఒకాయన కార్బ్యురేటర్‌లో చెత్త చేరిందంటాడు. ఆ కారులో కార్బ్యురేటరే లేదు. ఇప్పటి కార్లలో ఇంజిన్‌కు ఇంధనం అందించే ఆ పని ఇంజెక్టర్లది. ఇంకొకాయన స్పార్క్ ప్లగ్గు విప్పి తుడవమంటాడు. అదేమో డీజిల్ బండి. దానికి నిప్పురవ్వతో పనే లేదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అయినా వీళ్లను తప్పుపట్టను. లేని భాగాన్ని బాగుచేయడం కంటే సురక్షితమైన మరమ్మతు ఏముంటుంది?

అసలు ప్రమాదమంతా పిల్లలతోనే. "లోపల పెట్రోలు మండుతుంటే కారు ఎందుకు తగలబడదు?" అని ఏ పిల్లో అడిగిందంటే, ఏళ్ల తరబడి స్టీరింగ్ తిప్పిన పెద్దమనిషికి గొంతులో వెలక్కాయ పడుతుంది. జవాబు పెద్ద కష్టమేం కాదు. సిలిండర్ అనే లోహపు గొట్టంలో కదిలే పిస్టన్ అనే దిమ్మ కిందికి దిగుతూ గాలినీ పెట్రోలునూ పీల్చుకుంటుంది, పైకెళ్తూ నొక్కుతుంది, రవ్వ తగిలి మండిన వాయువు దాన్ని కిందికి తోస్తుంది, మళ్లీ పైకొస్తూ పొగను బయటికి నెడుతుంది. నాలుగింట్లో అసలు పని జరిగేది ఒక్కదాంట్లోనే, మిగతా మూడూ ఏర్పాట్లూ ఊడ్పులూ. (ఆఫీసు ఉద్యోగులకు ఈ లెక్క వింతగా అనిపించదు.) నిమిషానికి 3000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఈ మంట సెకనుకు 100 సార్లు పుడుతుంది. మామూలుగా వెళ్తున్నప్పుడు ప్రతిసారీ మండే పెట్రోలు చుక్కంత కూడా ఉండదు, అదీ మందపాటి లోహపు గోడల మధ్య.

పిల్ల అంతటితో ఊరుకోదు. "మరి రేడియేటర్ ఎందుకు?" అంటుంది. పరువు పోయేది ఇక్కడే. పోసిన పెట్రోలు శక్తిలో కారును కదిలించడానికి పనికొచ్చేది మూడో వంతుకు కూడా అందదు. మిగతాదంతా వేడై పొగగొట్టంలోంచీ రేడియేటర్‌లోంచీ పోతుంది. అంటే మనం అప్పుచేసి కొన్నది చక్రాలున్న పొయ్యి. ఈ సంగతి బయటపడకూడదంటే, బానెట్ ఎత్తినప్పుడు పిల్లల్ని దూరంగా నిలబెట్టాలని నా గట్టి అభిప్రాయం.

1888లో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, ఆయన తయారుచేసిన కారులో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు వెళ్లింది. ఇంధన గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తెరిచింది. ఇంధనం అయిపోతే దారిలో మందుల షాపులో కొంది. ఆ రోజుల్లో కారు గురించి సలహా చెప్పేవాళ్లు దారిపొడవునా లేకపోవడం వల్లే ఆవిడ క్షేమంగా చేరిందని నా అనుమానం.

మనకు ఆ ఇబ్బంది లేదు. డ్యాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే ఆయిల్ ప్రెషర్ పడిపోయినట్టనీ, వెంటనే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపాలనీ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ మాన్యువల్ ఏమో కొన్ననాటి ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా గ్లవ్ బాక్సులో భద్రంగా ఉంటుంది. అనుభవజ్ఞుడు దాని జోలికి పోడు. "సెన్సార్ పోయుంటుందిలే" అని పాట సౌండు పెంచుతాడు.