పాము బొమ్మ లేకుండానే ఇట్జ్‌కోవాట్ల్

మెక్సికోలోని అజ్టెక్‌ల భాష అయిన నావాట్ల్‌లో పేర్లకు వాడిన చిహ్నాలు కేవలం బొమ్మలని, అవి రాత కాదని నేను చదివిన ఓ వ్యాసం తేల్చేయడం నాకు సమంజసంగా తోచలేదు. మెండోసా కోడెక్స్ అనే పాత చిత్ర గ్రంథం మెక్సికా (అజ్టెక్) పాలకుడు ఇట్జ్‌కోవాట్ల్‌ను వీపున అబ్సిడియన్ (అగ్నిపర్వతపు గాజు) రాతి మొనలున్న పాముగా చూపుతుంది. పేరుకు అర్థమూ అదే కనుక అక్కడ బొమ్మ సరిపోయింది. కానీ టెపెట్లావోస్టోక్ అనే ఊరి భూముల లెక్కల కోసం 16వ శతాబ్దంలో తయారైన వెర్గారా కోడెక్స్‌లో అదే పేరును అబ్సిడియన్ మొన, కుండ, నీరు అనే గుర్తులతో రాశారు. అబ్సిడియన్ మొన నుంచి ‘ఇట్జ్’, కుండకు వాడే ‘కోమిట్ల్’ నుంచి ‘కో’, నీటికి వాడే ‘ఆట్ల్’ నుంచి ‘ఆ’ తీసుకోగా, పాము ఊసే లేకుండా పేరు పలుకుతుంది. ఇది నిస్సందేహంగా రాతే. 1560 నాటి వెషోట్సింకో ప్రాంతపు జాబితాలో పన్ను కట్టే సామాన్యుల తలల పక్కన సైతం పేరు గుర్తులున్నాయి. వ్యాసం రాజుల దగ్గరే ఆగిపోకుండా వాటినీ చూపించి ఉండాల్సింది.