గోడ మీది బీఎంఐ చార్టుకి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బీఎంఐ చార్టు గారికి,

మీ క్షేమం అడగక్కర్లేదు. మీ పచ్చగడిలో నిలబడ్డవాళ్లందరూ క్షేమమే కదా! విశాఖలో ఏ జిమ్ముకెళ్లినా, ఏ క్లినిక్కుకెళ్లినా బరువు మిషన్ నెత్తిన మీరే, ఎత్తుకి తగ్గ బరువేనా కాదా అని గడులు చూపిస్తూ. వెనకటికి రైల్వే ప్లాట్‌ఫారం మీద మీ చుట్టం ఒకాయన ఉండేవాడు. రూపాయి వేస్తే రంగు లైట్లు తిప్పి, అట్టముక్క మీద ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం అచ్చేసి ఇచ్చేవాడు. ఏది బరువో ఏది జాతకమో చూసేవాళ్లకి తెలిసేది. మీరు రెంటినీ కలిపి ఒకే గడిలో కూరేశారు.

ఒక లెక్క చూడండి. ఒక అమ్మాయి ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 56 కిలోలు. బీఎంఐ 21.9. మన దేశానికి పెట్టిన 22.9 గీత లోపలే. ఈ అమ్మాయి తెల్లారకుండానే ఆర్కే బీచ్‌లో మొదలెట్టి, తెన్నేటి పార్కు దిక్కుగా పోయి తిరిగొచ్చేసరికి 10 కిలోమీటర్లు. నాలుగు నెలలుగా డేట్, అంటే నెలసరి, రాలేదు. మీ తీర్పు: నార్మల్.

ఒంట్లో కొవ్వు పాతిక శాతం అనుకుంటే, అది తీసేయగా మిగిలేది 42 కిలోలు. తిండి రోజుకి 1600 కేలరీలు. కిలోమీటరు పరిగెడితే కిలో బరువుకి దాదాపు ఒక కేలరీ, అంటే పరుగు ఖర్చు 560. మిగిలిన 1040ని 42తో భాగిస్తే పాతిక కూడా రాదు. కొవ్వు తీసేసిన ఒంటికి కిలోకి ఇన్ని కేలరీలని మిగలాల్సింది 45 దరిదాపుల్లో. 30 దిగితే చాలామందిలో హార్మోన్ల తాళం తప్పుతుంది. అదీ లక్ష్మణరేఖ కాదు, మనిషికీ మనిషికీ అటూ ఇటూ అవుతుంది.

జీతం 1600. పరుగు ఈఎంఐ 560, ఒకటో తారీఖునే కట్ అయిపోతుంది. మిగిలినదాంతో గుండె ఆడాలి, మెదడు నడవాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. అప్పు పుట్టని ఇల్లాలు ఏం చేస్తుంది? వాయిదా వేయగల ఖర్చు ఆపేస్తుంది. మెదడులోని హైపోథాలమస్ కూడా అంతే. పిట్యూటరీ గ్రంథికి పంపే కబుర్లు తగ్గిస్తుంది, అండాన్ని విడుదల చేయించే హార్మోను ఎల్‌హెచ్ మందగిస్తుంది, అండం విడుదల కాదు, ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ఇంటి ఖర్చు తగ్గించారు కాబట్టి బ్యాంకులో నిల్వ కదలదు. ఆ నిల్వే బరువు. మీరు పాసుబుక్కు చూసి పొయ్యి వెలిగిందంటున్నారు.

మీ తర్వాత చుట్టాలు దిగుతారు. మన భాషలో ‘నెల తప్పింది’ అంటే ఒకటే అర్థం కాబట్టి ముందు ప్రెగ్నెన్సీ టెస్టు. అది సబబే, ఎవరికైనా అదే మొదటి మెట్టు. ఆ తర్వాత టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఎస్ట్రడయోల్ అనే హార్మోన్ల రక్తపరీక్షలు చూడాలి. చాలాచోట్ల ఇవన్నీ దాటేసి నేరుగా స్కానింగ్‌కి పంపిస్తారు. అండాశయంలో చిన్న చిన్న నీటిబుడగలు కనిపిస్తాయి, ‘పీసీఓడీ’ ముద్ర పడుతుంది. అండం ఎదగక ఆగిపోయిన అండాశయంలో కూడా అలాంటి బుడగలే కనబడొచ్చు. పీసీఓడీలో తరచుగా మగ హార్మోను పెరుగుతుంది, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఈ పరుగు అమ్మాయిలో ఎల్‌హెచ్, ఈస్ట్రోజెన్ రెండూ అడుగంటుతాయి. తేడా చూడకుండా ‘అన్నం మానెయ్యమ్మా, ఇంకో మూడు కిలోలు తగ్గు’ అని సలహా ఇస్తే, ఆకలితో ఆగిన బండికి పస్తులు మందు రాసిచ్చినట్టే.

అప్పుడు బిళ్లలొస్తాయి. గర్భనిరోధక మాత్రలు ఆపిన వారంలో కనబడేది మందు ఆపినందుకు వచ్చే రక్తస్రావం, అంతే. హైపోథాలమస్ కోలుకుందనడానికి అది సాక్ష్యం కాదు. ఎముకలకి ఆ మాత్రలు కాపలా కాస్తాయన్న నమ్మకమూ లేదు. ఈలోగా పిక్క ఎముకలోనో పాదంలోనో సన్నని పగులు. నెలసరి ఆరు నెలలు దాటి ఆగితే ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ తీయించాలని ఎవరూ చెప్పరు, అది మీ గడుల్లో లేదు మరి.

మరమ్మతు ఖరీదైనదేం కాదు. రోజుకి 300 నుంచి 600 కేలరీలు పెంచాలి. పరుగుకి ముందు అరటిపండు, వచ్చిన అరగంటలోపు నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ, రాత్రి మానేసిన అన్నం మళ్లీ కంచంలోకి: ఇంచుమించు సరిపోతాయి. వారంలో ఒకట్రెండు గట్టి పరుగులు తీసేయాలి. శనివారం ఒక్కపొద్దుండి, ఆదివారం నేవీ మారథాన్ కోసం 20 కిలోమీటర్లు లాగడం ఆపాలి. వెంకన్న ఏమీ అనుకోడు. నెలలు పట్టొచ్చు. ఇంకో మాట: డేట్ కంటే ముందే అండం విడుదలవుతుంది, కాబట్టి ‘రావట్లేదు కదా’ అని గర్భనిరోధకం వదిలేయకూడదు.

మీ మూలపురుషుడు అడాల్ఫ్ కెట్లే 19వ శతాబ్దంలో బెల్జియంలో నక్షత్రాలు చూసుకుంటూ ‘సగటు మనిషి’ని వెతికాడు. పాపం, ఆయన్ని నెలసరి గురించి ఎవరూ అడగలేదు. మిమ్మల్నీ మేం గోడ దిగమనడం లేదు. కాస్త పక్కకి జరగండి. ఆ మేకుకి క్యాలెండర్ తగిలించాలి. మూడు నెలలు ఖాళీగా కనబడితే, బరువు ఎంతున్నా డాక్టరు దగ్గరికి ఆ కాగితాలే చించి పట్టుకెళ్తారు.

ఇట్లు,
మీ పచ్చగడిలోనే నిలబడ్డ కొందరు
విశాఖపట్నం